ఏ పాత్రలో నెన్ని పట్టును?



గడచిన వార్షికోత్సవమునాడు గణిత ప్రదర్శనమునకై యొక గాజుజాడీని బల్లపై నుంచి, దానినిండ గోళీలు పోసి, పోటీ పెట్టితిమి. మీలో ననేకులకు జ్ఞాపకముండవచ్చును. జాడీ లోపలి వ్యాసము 14 సెంటీమీటర్లు, లోపలి యెత్తు 20 సెంటీమీటర్లు, గోళీ వ్యాసము 1.6 సెంటీమీటర్లు అని ప్రక్కనే పలకమీద వ్రాసితిమి. నిండిన జాడీని ముట్టకుండ నందులో నెన్ని గోళీలున్నవో చెప్పవలెను. అట్టిదే మరియొక ఖాళీ జాడీ, దోసెడు గోళీలు, ఒక గ్లాసు, బిందెడు నీళ్లు, ఒక స్కేలు కూడ నుంచితిమి. ఎవరికి కావలసినది వారు వాడుకొనవచ్చును.

పదవ తరగతి విద్యార్థులు పలువురు వెంటనే కాగితము తీసి లెక్క వేసిరి. జాడీ స్థూపాకారము గనుక దాని ఘనఫలము 22/7 × 7 × 7 × 20 = 3080 ఘన సెంటీమీటర్లు. గోళీ ఘనఫలము 4/3 × 22/7 × 0.8 × 0.8 × 0.8 = సుమారు 2.1455 ఘన సెంటీమీటర్లు. మొదటిదానిని రెండవదానిచే భాగింపగా 1435 వచ్చినది. వారందరును ఆ సంఖ్యనే వ్రాసి, బహుమానము తమదేయని నిశ్చింతగా నుండిరి.

ఏడవ తరగతి బాలిక యొకతె యీ సూత్రముల నింకను చదువుకొనలేదు. ఆమె గ్లాసునిండ గోళీలు పోసి లెక్కపెట్టెను, 57 వచ్చినవి. పిమ్మట నదే గ్లాసుతో ఖాళీ జాడీలో నీళ్లు పోసెను. 14 గ్లాసులకు జాడీ నిండెను. 57ను 14చే హెచ్చవేసి 798 అని చీటీ వ్రాసి యిచ్చెను.

సాయంకాలము తలిదండ్రుల యెదుట జాడీని బోర్లించి లెక్కపెట్టితిమి. గోళీలు 852 మాత్రమే యున్నవి. సూత్రము తెలిసినవారు 583 హెచ్చుగా చెప్పిరి. సూత్రము తెలియని బాలిక 54 తక్కువగా చెప్పెను. బహుమానమామెకే చేరెను. అప్పుడు పెద్ద తరగతి విద్యార్థి యొకడు మా యొద్దకు వచ్చి, "అయ్యా, మేము నేర్చిన సూత్రము తప్పా?" అని దిగులుతో నడిగెను.

ఆ ప్రశ్నకు జవాబుగనే యీ పాఠమును వ్రాయుచున్నాము. సూత్రము తప్పు కాదు. ఆ సూత్రము దేనికి జవాబు చెప్పునో తెలియకపోవుటయే తప్పు. జాడీ యొద్ద నిట్టి తప్పు జరిగినచో నవ్వుకొని యింటికి పోవుదుము. ధాన్యము నొద్ద జరిగినచో నొక కుటుంబము కష్టమున పడును. అట్టి సంగతి యొకటి మా యింటిలోనే జరిగినది. దానిని కడపట చెప్పెదము.

1. భాగహారము చెప్పునదేమి?

పాత్ర ఘనఫలమును వస్తువు ఘనఫలముచే భాగించినప్పుడు మనకు వచ్చునది, "ఈ వస్తువులను కరగించి పోసినచో నెన్ని పట్టును?" అను ప్రశ్నకు జవాబు. 1435 గోళీల గాజును కరగించి పోసినచో ఆ జాడీ సరిగా నిండును. కాని గోళీలు కరగవు. వాని నడుమ సందులుండును. ఆ సందులలో గాలి తప్ప మరేమియు లేదు. ఆ గాలికి కూడ జాడీలో చోటు కావలెను గదా!

కాబట్టి మొదటి నియమమిది: భాగహారమువలన వచ్చిన సంఖ్య పైహద్దు. అంతకు మించి పట్టవని యది నిశ్చయముగా చెప్పును. అన్నియు పట్టునని మాత్రము చెప్పదు. ఈ రెండింటి భేదమును గ్రహించినవాడు సగము పాఠము నేర్చినట్లే.

2. పెట్టెలో పెట్టెలు

సందులు లేకుండ పేర్చదగిన వస్తువులు కొన్ని కలవు: ఇటుకలు, అగ్గిపెట్టెలు, సబ్బు బిళ్లల డబ్బాలు, పుస్తకములు. వీని విషయమున భాగహారము చాలునని తోచును. అదియు నంత సులభము కాదు.

ఒక చెక్కపెట్టె లోపలి కొలతలు 50, 40, 30 సెంటీమీటర్లు. అందులో 15, 10, 8 సెంటీమీటర్ల కొలతలు గల సుద్దముక్కల డబ్బాలు పేర్చవలెను. పెట్టె ఘనఫలము 60,000, డబ్బా ఘనఫలము 1,200, భాగింపగా 50. ఇప్పుడు పేర్చి చూడుడు. డబ్బా పొడవును పెట్టె పొడవు వెంబడి, వెడల్పును వెడల్పు వెంబడి, ఎత్తును ఎత్తు వెంబడి నుంచినచో 50లో 15 మూడుమార్లు, 40లో 10 నాలుగుమార్లు, 30లో 8 మూడుమార్లు పట్టును. మొత్తము 3 × 4 × 3 = 36 డబ్బాలే. పదునాలుగు డబ్బాలు బయట మిగిలిపోవును. అదే డబ్బాలను త్రిప్పి, 10ని 50 వెంబడి, 8ని 40 వెంబడి, 15ను 30 వెంబడి నుంచుడు. 5 × 5 × 2 = 50. ఒక్క సందైన మిగులదు. పెట్టె మారలేదు, డబ్బాలు మారలేదు. పేర్చిన తీరొక్కటే మారినది.

ఇప్పుడా పెట్టె పొడవును ఒక్క సెంటీమీటరు తగ్గించి 49 చేయుడు. ఘనఫలము 58,800 అగును. భాగింపగా 49 వచ్చును. ఒక్కటియే తగ్గినదని సంతోషింతుము. కాని వెనుకటివలె పేర్చినచో 49లో 10 నాలుగుమార్లే పట్టును గాన 4 × 5 × 2 = 40 డబ్బాలు మాత్రమే పట్టును. మరల త్రిప్పి 8ని 49 వెంబడి, 10ని 40 వెంబడి, 15ను 30 వెంబడి నుంచినచో 6 × 4 × 2 = 48 పట్టును. ఒక్క సెంటీమీటరు తగ్గుటచే పేర్చుపద్ధతియే మార్చవలసి వచ్చినది. అందుచేత రెండవ నియమమిది: మూలలు గల వస్తువులకు ఘనఫలమును భాగించుటతో నిలువక, ఒక్కొక్క దిక్కున నెన్ని పట్టునో విడిగా చూడవలెను. ఆయా దిక్కుల శేషములను లెక్కలోనికి తీసికొనరాదు. ఏలయన సగము డబ్బాను పెట్టెలో నుంచలేము.

ఈ శాస్త్రము మన తెలుగువారికి క్రొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యులు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహములో గోతుల ఘనఫలములును, ఇటుకల పేర్పులును చెప్పబడినవి. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గోడకెన్ని యిటుకలు పట్టునను ప్రశ్న అంత ప్రాచీనమైనది.

3. గుండ్రని వస్తువులు

గోళీలు, నిమ్మకాయలు, జొన్నలు, సెనగలు మొదలగువానిని ఎట్లు పేర్చినను సందు తప్పదు. అయితే ఎంత సందు?

ఒక్కొక్క గోళీని దానికి సరిపోవు ఘనాకారపు గదిలో నుంచితిమనుకొనుడు. గది భుజము 1.6 సెంటీమీటర్లు, దాని ఘనఫలము 4.096. గోళీ అందులో 2.1455 మాత్రమే ఆక్రమించును. అనగా నూటికి 52 వంతులు గాజు, 48 వంతులు గాలి. ఈ లెక్కను మన జాడీకి సుమారు 752 గోళీలు వచ్చును.

కాని పండ్ల అంగడివాడు అట్లు పేర్చడు. క్రింది వరుసలో మూడు కాయల నడుమ నేర్పడిన గుంటలో పైకాయను కూర్చుండబెట్టును. ఇట్లు పేర్చినచో సందు తగ్గును. త్రికోణపు టడుగుతో పేర్చిన యిట్టి కుప్పలో మొత్తము కాయలెన్నియో ఆర్యభటుడు 499వ సంవత్సరమున రచించిన ఆర్యభటీయములో చెప్పియున్నాడు. అడుగు వరుస భుజమున ఎన్ని కాయలున్నవో ఆ సంఖ్యను, దాని తరువాతి సంఖ్యను, ఆ తరువాతి సంఖ్యను హెచ్చవేసి 6చే భాగింపవలెను. భుజమున 10 కాయలున్నచో 10 × 11 × 12 / 6 = 220 కాయలు. ఈసారి సంతకు పోయినప్పుడు నిమ్మకాయల కుప్పను చూచి పరీక్షింపుడు.

ఇంతకంటె దగ్గరగా పేర్చు మార్గము కలదా? లేదని 1611లో జర్మను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు కెప్లరు ఊహించెను. ఊహించుట యొకటి, నిరూపించుట యొకటి. సుమారు నాలుగు వందల యేండ్లు పండితులు దానితో పెనగులాడిరి. 1998లో అమెరికా దేశస్థుడు థామస్ హేల్స్ యంత్రగణకముల సాయముతో నిరూపణము ప్రకటించెను. పరిశీలకులు తాము పూర్తిగా సరిచూడజాలమనగా, ఆయన తన సహాయులతో మరల కృషిచేసి, ప్రతి మెట్టును యంత్రముచేతనే సరిచూపించి, 2014లో ముగించెను. పండ్ల అంగడివాని పేర్పులో నూటికి 74 వంతులు నిండును. అంతకుమించి నింపు మార్గము లేదు. మన జాడీకి ఆ లెక్కను సుమారు 1063 గోళీలు వచ్చును. ఎంత ఓర్పుతో పేర్చినను అంతకు మించి యాశింపరాదు.

మేము గోళీలను పేర్చలేదు, పోసితిమి. పోసినవి తమకు దొరికిన చోట నిలిచిపోవును. అట్లు పోసి బాగుగా కుదిపినను గుండ్రని వస్తువులు నూటికి సుమారు 64 వంతులే నింపును. కుదుపకున్న నింకను తక్కువ. జాడీ గోడను ఆనుకొనియున్న వరుసలో సందులు మరియు హెచ్చు. మన 852 గోళీల ఘనఫలము 1828. అది 3080లో నూటికి 59 వంతులు. బాలిక సంఖ్య కొంచెము తగ్గుటకును కారణమిదియే. చిన్న గ్లాసులో గోడల కానుకొనిన గోళీలే హెచ్చు గనుక సందును హెచ్చు.

వస్తువు కొంచెము చదునైనచో సందు తగ్గుట కూడ కలదు. బిళ్లలవంటి మిఠాయిలను పోసి చూడగా నూటికి 68 వంతులు నిండెనని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిరి. కాబట్టి మూడవ నియమమిది: గుండ్రని వస్తువులను ఊరక పోసినప్పుడు, భాగహారమువలన వచ్చిన సంఖ్యలో పదింట ఆరు వంతులు తీసికొనుడు. 1435లో పదింట ఆరు వంతులు 861. అసలు సంఖ్య 852. ఇంత దగ్గరగా వచ్చుట చాలదా?

4. నీటి సాక్ష్యము, త్రాసు సాక్ష్యము

పదింట ఆరు వంతులను మాటను మా మాటగా నమ్మనక్కరలేదు. నీటినే యడుగవచ్చును. గోళీలతో నిండిన జాడీలో కొలిచిన నీళ్లు అంచువరకు పోయుడు. ఎన్ని నీళ్లు పట్టినవో అంతయే సందు. మేము తరువాత పోసి చూడగా 1270 ఘన సెంటీమీటర్ల నీళ్లు పట్టినవి. 3080లో 1270 పోగా 1810. అది గాజు ఘనఫలము. దానిని 2.1455చే భాగింపగా 844. జాడీని బోర్లింపకయే యెనిమిది గోళీల తేడాలో జవాబు వచ్చినది.

ఇందొక జాగ్రత్త కలదు. ఒక్క గోళీని స్కేలుమీద నుంచి కొలిచినచో పొరపాటు వచ్చును. వ్యాసములో నూటికొక వంతు పొరపాటైనచో ఘనఫలములో మూడు వంతులగును. ఇరువది గోళీలను వరుసగా నుంచి మొత్తము పొడవు కొలిచి 20చే భాగింపుడు. మాకు 32 సెంటీమీటర్లు వచ్చినది గాన ఒక్కటి 1.6.

జొన్నలవంటి గింజలు నీటిని పీల్చును గనుక వానికి త్రాసే మేలు. వేయి గింజలను లెక్కపెట్టి తూచుడు. అవి 30 గ్రాములున్నవనుకొనుడు. లీటరు జొన్నలు సుమారు 750 గ్రాములు తూగును. 750ని 30చే భాగించి వేయిచే హెచ్చవేయగా 25,000 గింజలు. వ్యాసమును, సందును ఏదియు కొలువనక్కరలేదు; సందులేని లెక్కను త్రాసే చేయును.

అణగెడి వస్తువులకు త్రాసు తప్ప వేరు మార్గమే లేదు. ఆదోనికి పత్తి తోలుకొనిపోవు బండ్లను మీరు చూచియుందురు. బండిమీద కొండవలె కనుపించు పత్తి, గింజ తీసి యంత్రముతో నొత్తినపిమ్మట చిన్న బేలుగా మారును. ఒక్క బేలులో 170 కిలోల దూది యుండును. చేతితో నింపిన గోతమునకు, కాలితో త్రొక్కిన గోతమునకు, యంత్రముతో నొత్తిన బేలునకు ఘనఫలము వేరు, దూది యొక్కటే. అట్టిదానిని పాత్రతో కొలుచుట గాలిని కొలుచుటయే.

5. పాత్ర ఆకారమును, రాశి కొలతయును

ఇంతవరకు లోపల పోసిన వస్తువును గూర్చి చెప్పితిమి. ఇక పాత్రను గూర్చి కొంచెము చెప్పవలెను. పైని పేర్కొన్న కెప్లరు 1613లో రెండవ వివాహము చేసికొన్నప్పుడు ద్రాక్షారసపు పీపాలు కొనెను. వర్తకుడు పీపా రంధ్రములో కొలకఱ్ఱ నేటవాలుగా దూర్చి, ఎంత పొడవు దిగెనో చూచి వెల చెప్పెను. పొడుగు పీపాకును, పొట్టి పీపాకును అదే కఱ్ఱయా యని కెప్లరునకు సందేహము కలిగెను. ఆ సందేహమునుండి పుట్టిన గ్రంథము 1615లో వెలువడెను. ఇంటికి వచ్చిన సరకును గూర్చిన ప్రశ్న గొప్ప శాస్త్రమునకు మూలమయ్యెను.

మన యూళ్లలో ధాన్యపు రాశిని కొలుచు పద్ధతిని భాస్కరాచార్యుడు 1150లో లీలావతిలో చెప్పెను. రాశి చుట్టుకొలతలో ఆరవ వంతును వర్గముచేసి ఎత్తుచే హెచ్చవేయవలెను. పెద్ద గింజల రాశి యెత్తు చుట్టుకొలతలో పదవ వంతుండునని కూడ చెప్పెను. ఆరు మీటర్ల త్రాడు చుట్టివచ్చు జొన్నరాశికి ఎత్తు 0.6 మీటరు, ఘనఫలము 1 × 1 × 0.6 = 0.6 ఘన మీటరు. నేటి శంకువు సూత్రముతో సుమారు 0.57 వచ్చును. ఒక్క త్రాటితో కళ్లములో నిలిచి చేయు లెక్కకు ఈ తేడా యెక్కువ కాదు.

ఇప్పుడు కొలపాత్ర మీదనే ఆ రాశిని చూడుడు. పూర్వము మానికలతో, కుంచములతో, తూములతో కొలుచు కాలమున రెండు తీరులుండెను: అంచుతో సమముగా కొట్టివేసి కొలుచుట, పైకి రాశిగా పోసి కొలుచుట. రెండు లీటరు పాత్రలను తీసికొందము. ఒకటి పొడుగుది: వ్యాసము 10, ఎత్తు సుమారు 12.7 సెంటీమీటర్లు. మరియొకటి వెడల్పుది: వ్యాసము 14, ఎత్తు 6.5 సెంటీమీటర్లు. సమముగా కొట్టినచో రెంటను లీటరే పట్టును. రాశిగా పోసినచో, రాశి యెత్తు వ్యాసార్ధములో సగముండునని తీసికొందము. పొడుగు పాత్రపై 65 ఘన సెంటీమీటర్ల గింజలు నిలుచును. వెడల్పు పాత్రపై 180 నిలుచును. పొడుగు పాత్రతో కూలి గింజలు కొలిచి యిచ్చి, వెడల్పు పాత్రతో అప్పు గింజలు కొలిచి తీసికొన్నవాడు, ప్రతి కొలతకును 115 ఘన సెంటీమీటర్లు మిగుల్చుకొనును. నూరు కొలతలకు పదకొండున్నర లీటర్లు. రెండు పాత్రలమీదను లీటరని వ్రాసియున్నను, అబద్ధమాడకయే మోసము జరుగును.

1956లో కొలతల శాసనము వచ్చి, దేశమంతటను మెట్రిక్ కొలతలు క్రమముగా నెలకొనినవి. పాత్ర కొలత పోయి ధాన్యమునకు త్రాసు వచ్చుట బీదవానికి గొప్ప మేలు. అయినను పెట్టెలతోను, గంపలతోను అమ్మకము నేటికిని పోలేదు. పత్తికొండకు టమాటాలు తీసికొనిపోవు తలిదండ్రుల పిల్లలు మన బడిలోనే కలరు. పెట్టె అంచుదాక నింపుటకును, అంచు దాటించి రాశిగా నింపుటకును ఎంత భేదమో మీ యింటివారికి లెక్కవేసి చూపుడు.

6. జొన్నల పాతర

మొదట చెప్పెదమన్న సంగతి యిక చెప్పెదము.

దత్తమండలములలో, మన మద్దికెర మొదలుకొని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవరకు, పూర్వము జొన్నలను నేలలో పాతరలు త్రవ్వి దాచెడివారు. పైన నొక మనిషి దిగునంత నోరు. లోపల విశాలమైన గొయ్యి. అడుగునను, చుట్టును గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మరల గడ్డి కప్పి, మట్టితో మూసెడివారు. తడి తగులకున్న గింజలు సంవత్సరములు నిలిచెడివి. కరవు ప్రాంతమున పాతరయే ప్రాణాధారము. తెరచిన వెంటనే లోపలికి దిగరాదు. మూసిన గోతిలో గింజలు ఊపిరి పీల్చి విడుచుటవలన బొగ్గుపులుసుగాలి నిండియుండును. తొందరపడి దిగినవారు ప్రాణములు పోగొట్టుకొనిరి. కాబట్టి తెరచి గాలి యాడనిచ్చి, దీపము దించి చూచి, అది ఆరకున్న దిగెడివారు.

మా తాతగారు ఒక పెద్ద రైతు నింట జీతగాడు. చదువు రాదు. ఆ యింట నొక పాతర త్రవ్వించిరి. నేటి కొలతలలో చెప్పినచో లోపలి వ్యాసము 2 మీటర్లు, లోతు 2.1 మీటర్లు. లెక్క వ్రాయువాడు దారముతో కొలిచి, ఇందులో నింత పట్టునని లెక్కకట్టి పుస్తకములో వ్రాసెను. పంట నింపునాడు మబ్బు క్రమ్మెను. వాన వచ్చులోపల నింపి మూయవలెనను తొందరలో బస్తాల నెవరును లెక్కపెట్టలేదు. పుస్తకములో నున్న సంఖ్యయే నిలిచిపోయెను. నేటి నూరు కిలోల బస్తాలలో అది 49.

రెండేండ్లకు పాతర తెరచిరి. దీపము దించి మొదట దిగినవాడు మా తాతయే. ఎత్తిపోసిన జొన్నలు 36 బస్తాలు. అడుగున కొంచెము ముక్కినవి. పదమూడు బస్తాలేమైనవి? కాపలా యున్నవాడు జీతగాడు. "నేను తీయలేదు దొరా" అని యాయన యొక్క మాటయే చెప్పెనట. చూపుటకు వేరొక సాక్ష్యము లేదు. ఆ పదమూడు బస్తాలు ఆయన పేర అప్పుగా వ్రాయబడినవి. మూడేండ్లు తిండికి మాత్రమే పనిచేసి తీర్చెను. తన లెక్కను తాను చూచుకొనగలుగవలెనని కొడుకును మిషను బడిలో వేసెను. ఆ కొడుకు మా తండ్రిగారు.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచున్న దినములలో స్థూపముపై నభ్యాస పాఠము చెప్పవలసి వచ్చెను. ఉదాహరణముగా మా తాత పాతరయే జ్ఞాపకమునకు వచ్చెను. గొయ్యి ఘనఫలము 22/7 × 1 × 1 × 2.1 = 6.6 ఘన మీటర్లు. ఘన మీటరునకు 750 కిలోల చొప్పున 4,950 కిలోలు. అనగా 49 బస్తాలు. పుస్తకములోని లెక్క సరిగానే యున్నది.

అప్పుడు గడ్డి జ్ఞాపకమునకు వచ్చెను. చుట్టును పది సెంటీమీటర్ల మందము, అడుగున పది, పైన పది. అంత మందము గడ్డి లేనిదే జొన్నలు నిలువవు. వ్యాసార్ధము 1 మీటరు కాదు, 0.9. లోతు 2.1 కాదు, 1.9. ఘనఫలము 22/7 × 0.9 × 0.9 × 1.9 = సుమారు 4.84 ఘన మీటర్లు. జొన్నలు సుమారు 3,628 కిలోలు. ముప్పదియారు బస్తాలు, ఇరువదియెనిమిది కిలోలు.

చాలసేపు ఆ కాగితమును చూచుచు కూర్చుంటిమి. జానెడైనను లేని గడ్డి, గోతిలో నాలుగవ వంతుకంటె హెచ్చు చోటును మ్రింగినది. ఏలయన పాత్ర అంచుననే దాని ఘనఫలము చాలవరకుండును. అంచు కొంచెము లోనికి జరిగిన నంతయు తగ్గును. పదమూడు బస్తాలను ఎవరును తీయలేదు. అవి యెన్నడును పాతరలో పడియుండలేదు.

లెక్క వ్రాసినవాడు కపటి యని మేము తలంపము. అతని హెచ్చవేతలో తప్పు లేదు. అతడు గోతిని లెక్కపెట్టెను, బస్తాలను లెక్కపెట్టలేదు. పట్టునను మాటకు బదులు పట్టినవి అని వ్రాసెను. అక్కడనే మా తాత మూడేండ్ల కష్టము పోయెను. అప్పటికే యాయన గతించియుండెను. సెలవులకు వచ్చినప్పుడు ఆ కాగితమును మా తండ్రిగారికి చదివి వినిపించితిమి. ఆయన కొంతసేపు మాటాడక, "దీనిని బడిపిల్లలకు చెప్పుము" అనెను. ఇన్నాళ్లకు చెప్పితిమి.

నేడు పాతరలు దాదాపుగా కానరావు. కాని గోతిని చూచి గింజలను వ్రాయు అలవాటు పోలేదు. సరియైన కొలతను దేవుడు కోరుననుమాట మనము చిన్ననాటనుండి వినుచున్నాము. సరియైన కొలతకు మంచి మనస్సుతో కూడ మంచి లెక్కయు కావలెను. ఘనఫలముతో ఊహింపుడు; సందును, గడ్డిని, గోడను తీసివేయుడు; సాధ్యమైనచో నీటితోను త్రాసుతోను సరిచూడుడు; ఊహించిన సంఖ్యను ఊహయనియే వ్రాయుడు. లెక్కపెట్టక మునుపు ఎవరినైనను దొంగయనకుడు.

అభ్యాసములు

1. పెట్టె లోపలి కొలతలు 60, 45, 40 సెంటీమీటర్లు. సబ్బు డబ్బా కొలతలు 10, 6, 4 సెంటీమీటర్లు. భాగహారము 450 అనును. ఒకే తీరున పేర్చినచో హెచ్చుగా నెన్ని పట్టును? (జవాబు: 440. 4ను 45 వెంబడి నుంచి చూడుడు.)

2. ఇరువది లీటర్లు పట్టు గంపలో 4 సెంటీమీటర్ల వ్యాసము గల నిమ్మకాయలను అంచుతో సమముగా పోసినచో నెన్ని పట్టును? (జవాబు: సుమారు 360.)

3. పాతర వ్యాసము 2.4 మీటర్లు, లోతు 2.4 మీటర్లు. గడ్డి మందము అన్ని ప్రక్కలను 20 సెంటీమీటర్లు. గడ్డి లేకున్న 81 బస్తాలు. గడ్డితో నెన్ని? (జవాబు: 47.)

4. మీ యింటి పెద్దలను పాతరలను గూర్చి యడుగుడు. వారు చెప్పిన కొలతలతో ఘనఫలము కట్టుడు. గడ్డి మందము అడుగుట మరువకుడు.